బైట్ల వరుస తిప్పే పని కంపైలర్‌కే వదిలేయొచ్చా?

ప్యాకెట్‌పిచ్చి

అందరికీ నమస్తే. సి లో ఒక పార్సర్ రాస్తున్నాను. ఫైల్లో సంఖ్యలన్నీ బిగ్ ఎండియన్‌లో ఉంటాయి, అంటే పై విలువ బైటు ముందొస్తుంది. నా మెషీన్ మామూలు ఎక్స్86, లిటిల్ ఎండియన్, అంటే దానికి కింది బైటు ముందు. 32 బిట్ల సంఖ్య చదవడానికి ఇలా రాశాను (పి బైట్ల పాయింటర్, యూ32 సైన్ లేని 32 బిట్ల టైపు):

(యూ32)పి[0] << 24 | (యూ32)పి[1] << 16 | (యూ32)పి[2] << 8 | (యూ32)పి[3]

రివ్యూ చేసినాయన చూసి "ఒక్క సంఖ్యకి నాలుగు లోడ్లు, మూడు షిఫ్టులు, మూడు ఓఆర్‌లా? పాయింటర్‌ని కాస్ట్ చేసి ఎన్‌టీఓహెచ్ఎల్ (నెట్‌వర్క్ వరుసని మెషీన్ వరుసలోకి మార్చే ఫంక్షన్) పెట్టేయండి" అన్నారు. ఓ2 (ఆప్టిమైజేషన్ స్థాయి) పెట్టి అసెంబ్లీ తీసి చూస్తే అందులో ఒక మూవ్ (లోడ్), ఒక బీస్వాప్ (బైట్ల వరుస తిప్పే ఇన్‌స్ట్రక్షన్) తప్ప ఇంకేం లేవు! జీసీసీలోనూ అంతే, క్లాంగ్‌లోనూ అంతే.

అసలు సందేహం ఇక్కడే. దాదాపు ఇదే పని చేసే ఇంకో ఫంక్షన్ ఉంది. అందులో ఒక్కో బైటు చదివే ముందు "బఫర్ అయిపోయిందా" అని చూసి, అయిపోతే ఎర్రర్ ఇచ్చి వెనక్కి వచ్చేస్తాను. దాన్ని మాత్రం రెండు కంపైలర్లూ ముట్టుకోలేదు, నాలుగు విడి లోడ్లు అలాగే ఉన్నాయి. ఒకదాన్ని పసిగట్టి రెండోదాన్ని ఎందుకు వదిలేశాయి? అసలు దీన్ని నమ్ముకోవచ్చా?

రిజిస్టర్‌రాణి

రెండోదాన్ని వదిలేయడమే న్యాయం. మీ మొదటి ఫంక్షన్ ఏ దారిలో వెళ్ళినా నాలుగు బైట్లనీ చదువుతుంది. కాబట్టి ఆ నాలుగూ చదవదగ్గ మెమరీలోనే ఉన్నాయని కంపైలర్ ధైర్యంగా అనుకోవచ్చు, ఒకేసారి లాగేయొచ్చు. రెండోదాంట్లో మొదటి బైటు తర్వాత బఫర్ అయిపోయే దారి కూడా ఉంది. ఆ బైటు సరిగ్గా 4096 బైట్ల పేజీ చివర ఉండి, పక్క పేజీ మ్యాప్ అయి లేదనుకోండి. నాలుగు బైట్లూ కలిపి లాగితే ప్రోగ్రామ్ అక్కడికక్కడే కూలిపోతుంది. మీరు రాసిన కోడ్ కూలదు, కంపైలర్ మార్చిన కోడ్ కూలుతుంది. అలాంటి మార్పు చేసే హక్కు దానికి లేదు.

చెకింగ్‌ని పైకి తెచ్చి "ఇంకా నాలుగు బైట్లు ఉన్నాయా" అని ఒక్కసారే అడగండి. ఆ తర్వాత నాలుగు బైట్లూ వరుసగా చదవండి. కలిసిపోతాయి.

పాతకాపు

రాణి గారు చెప్పింది నిజమే. కానీ "నమ్ముకోవచ్చా" అన్న దానికి నా జవాబు వేరు. కంపైలర్ కనిపెడుతుందిలే అని షిఫ్టులు రాసుకుంటూ పోవడం కంటే "ఇక్కడ బైట్లు తిప్పు" అని నేరుగా చెప్పడం మేలు. జీసీసీలో 32, 64 బిట్లకి బిల్టిన్ (కంపైలర్‌లోనే ఉండే ఫంక్షన్) బీస్వాప్ 4.3 నుంచి ఉంది. 16 బిట్లది 4.8లో అన్ని ప్రాసెసర్లకీ వచ్చింది. మైక్రోసాఫ్ట్ కంపైలర్‌కి తన సొంత బైట్‌స్వాప్ ఫంక్షన్లున్నాయి. సి++23లో ఏకంగా స్టాండర్డ్ లైబ్రరీలోకే బైట్‌స్వాప్ వచ్చేసింది.

ఇంటెల్ 386 ప్రాసెసర్ రోజుల్లో బీస్వాప్ ఇన్‌స్ట్రక్షనే లేదు, అది 486తో వచ్చింది. అంతకుముందు కింది 16 బిట్లని 8 తిప్పి, మొత్తాన్ని 16 తిప్పి, మళ్ళీ కింది 16 బిట్లని 8 తిప్పేవాళ్ళం. మూడు రొటేట్లు, అంటే ఒక చివర బయటికి పోయిన బిట్లు రెండో చివర చేరతాయి. ఇప్పటికీ 16 బిట్ల సంఖ్యకి కంపైలర్ ఇచ్చేది 8 బిట్ల రొటేటే. 16 బిట్ల రిజిస్టర్ మీద బీస్వాప్ వాడితే ఫలితం ఏమిటో ఇంటెల్ మాన్యువల్ హామీ ఇవ్వదు.

కొత్తకోడర్

నాదొక చిన్న ప్రశ్న. రివ్యూలో ఆయన చెప్పినట్టు కాస్ట్ చేసి ఎన్‌టీఓహెచ్ఎల్ పెడితే తప్పేంటి? చాలా కోడ్‌లో అలాగే చూశాను.

ఫర్మ్‌వేర్

చాలా కోడ్‌లో ఉంది తమ్ముడూ, చాలా చోట్ల పేలింది కూడా. బైట్ల పాయింటర్‌ని యూఇంట్32 పాయింటర్‌గా కాస్ట్ చేసి చదివితే రెండు గొడవలు. ఆ అడ్రస్ 4తో భాగించబడకపోవచ్చు. ఎక్స్86 ఏమీ అనదు గానీ చిన్న ఆర్మ్ ప్రాసెసర్ కార్టెక్స్-ఎం0 వెంటనే ఫాల్ట్ ఇస్తుంది. రెండోది స్ట్రిక్ట్ ఏలియాసింగ్. ఒక టైపుతో రాసిన మెమరీని సంబంధం లేని ఇంకో టైపుతో చదవరని కంపైలర్ అనుకుంటుంది, ఆ ధీమాతో లోడ్లనీ స్టోర్లనీ అటూ ఇటూ జరుపుతుంది. డీబగ్ బిల్డ్‌లో బాగానే నడిచి రిలీజ్ బిల్డ్‌లో చెత్త విలువలు వస్తాయి. ఇక ఆ టెన్షన్ పగవాడికి కూడా వద్దు.

నాలుగు బైట్లని ఒక యూఇంట్32 వేరియబుల్‌లోకి మెమ్‌కాపీ చేసి, దాన్ని తిప్పుకో. మెమ్‌కాపీ అని పేరు చూసి భయపడక్కర్లేదు, సైజు ముందే తెలిస్తే ఆప్టిమైజర్ దాన్ని ఒక్క లోడ్‌గా మార్చేస్తుంది.

ఒకటి మాత్రం గుర్తుంచుకో. ఎం0 లాంటి చోట అలైన్ కాని అడ్రస్‌నుంచి పదం మొత్తం లాగడం కుదరదు. కాబట్టి అక్కడ షిఫ్టులతో రాసినా, మెమ్‌కాపీ వాడినా ఒక్క లోడ్ రాదు. అది కంపైలర్ చేతకానితనం కాదు.

ప్యాకెట్‌పిచ్చి

చెకింగ్ పైకి తెచ్చాను రాణి గారూ, మూవ్, బీస్వాప్ వచ్చేశాయి. థాంక్స్. కానీ అది ఎలా కనిపెడుతోంది? ఓఆర్‌ల వరుస మార్చి రాసినా, బ్రాకెట్లు వేరేగా పెట్టినా, మధ్యలో మాస్కులు వేసినా పట్టేస్తోంది. ఇన్ని రకాల నమూనాలూ లోపల రాసి పెట్టుకున్నారా?

రిజిస్టర్‌రాణి

లేదండీ. నమూనాలు పోల్చుకుంటూ కూర్చుంటే ఎప్పటికీ తెమలదు. జీసీసీ చేసే పని నాకు చాలా ఇష్టం, కొంచెం వివరంగా చెప్తాను.

జీసీసీలో దీనికోసం బీస్వాప్ అనే ఒక పాస్ (ఆప్టిమైజేషన్ దశ) ఉంది. అది కోడ్‌ని ఉత్తుత్తి విలువతో నడిపి చూస్తుంది. మూలంలో ఉన్న ప్రతి బైటుకీ ఒక నంబరు చీటీ అంటిస్తుంది. అన్నిటికంటే కింది బైటుకి 01, దాని పైదానికి 02, అలా. మార్పేమీ లేని 32 బిట్ల సంఖ్య హెక్స్‌లో 04030201గా కనిపిస్తుంది. ఇక ఎక్స్‌ప్రెషన్‌లో ఏం జరిగితే చీటీలకీ అదే జరుగుతుంది. ఎడమకి 8 బిట్లు షిఫ్ట్ చేస్తే చీటీలు ఒక బైటు ఎడమకి జరుగుతాయి, ఖాళీలో సున్నా చేరుతుంది. మాస్క్ వేస్తే కొన్ని చీటీలు సున్నా అవుతాయి. ఓఆర్ చేస్తే రెండు వైపుల చీటీలూ కలుస్తాయి, ఒకే చోట రెండు వేర్వేరు చీటీలు ఢీకొంటే అక్కడితో వదిలేస్తుంది.

చివర మిగిలింది 01020304 అయితే మీరు రాసింది బైట్ల తిప్పుడే. ఏ దారిలో వచ్చారు, ఎన్ని బ్రాకెట్లు పెట్టారు అనేవి దానికి అనవసరం. 04030201 మిగిలితే అసలు తిప్పుడే లేదు, మామూలు లోడ్ ఒక్కటి చాలు. అందుకే లిటిల్ ఎండియన్ ఫైల్ చదివే షిఫ్టుల కోడ్ ఎక్స్86 మీద ఒకే ఒక్క మూవ్ అయిపోతుంది. అదే కోడ్ ఐబీఎం జెడ్ లాంటి బిగ్ ఎండియన్ మెషీన్ మీద లోడ్ రివర్స్డ్ ఇన్‌స్ట్రక్షన్ అవుతుంది. మెషీన్‌ని బట్టి కోడ్ మార్చే ఇఫ్‌డెఫ్ ఒక్కటి కూడా అక్కర్లేదు!

మెమరీలోంచి విడివిడిగా వచ్చే బైట్లని ఇలా కలపడం జీసీసీ 5తో, అంటే 2015లో వచ్చింది. అంతకుముందు ఈ పాస్ రిజిస్టర్‌లో ఉన్న సంఖ్యని తిప్పే కోడ్‌ని మాత్రమే పట్టేది. లోడ్లు కలపాలంటే నాలుగూ మెమరీని ఒకే స్థితిలో చూస్తున్నాయని తేలాలి. రెండో బైటుకీ మూడో బైటుకీ మధ్య ఏదో పాయింటర్‌లోకి స్టోర్ ఉంటే ఆశ వదులుకోండి. వొలటైల్ (బయటినుంచి మారొచ్చని గుర్తు పెట్టిన మెమరీ) అయితే చెప్పనే అక్కర్లేదు, దాన్ని కలపడం నిషిద్ధం.

క్లాంగ్ వెనకున్న ఎల్ఎల్‌వీఎం ఇంకాస్త సన్నగా చూస్తుంది. ఫలితంలో ప్రతి బిట్టూ మూలంలో ఏ బిట్టు నుంచి వచ్చిందో పట్టిక వేసుకుంటుంది. అందుకే బైట్లనే కాదు, బిట్లని తిరగేసే కోడ్‌ని కూడా గుర్తుపడుతుంది. లోడ్లు కలిపే పనిని మాత్రం ఎక్కువగా చివర, ఇన్‌స్ట్రక్షన్లు ఎంచుకునే దశలో చేస్తుంది. ముందే కలిపేస్తే మిగతా ఆప్టిమైజేషన్లకి ఏ బైటు ఎక్కడిదో తెలియకుండా పోతుంది కదా.

కొత్తకోడర్

లూప్‌లో రాస్తే? నాలుగు సార్లు తిరిగి, విలువని 8 ఎడమకి జరిపి కొత్త బైటు కలిపితే?

రిజిస్టర్‌రాణి

లూప్ పూర్తిగా విప్పుకుంటేనే (నాలుగు విడి మెట్లుగా మారితేనే) పైన చెప్పిన కథ మొదలవుతుంది. విప్పే పాస్ ముందు నడిచిందా, తిప్పుడు కనిపెట్టే పాస్ ముందు నడిచిందా అన్నదాని మీద ఫలితం మారుతుంది. వెర్షన్ మారినా, ఓ2 ఓ3 అయినా వేరేగా రావచ్చు. నాలుగు బైట్లకి లూప్ ఎందుకు, విడమరిచి రాసేయండి.

ఫర్మ్‌వేర్

ప్యాకెట్‌పిచ్చి గారు ప్రతి బైటుకీ యూ32 కాస్ట్ పెట్టారు, చూశారా? అది తీసేస్తే ఏమవుతుందో కూడా చెప్పుకోవాలి. బైటుని షిఫ్ట్ చేసే ముందు సి దాన్ని ఇంట్‌గా మార్చేస్తుంది. బైటు విలువ 127 దాటి, దాన్ని 24 జరిపితే సైన్ బిట్టులో పడుతుంది. సి ప్రమాణం ప్రకారం అది అన్‌డిఫైన్డ్. సి++20 మాత్రం దాన్ని సరిచేసింది. పోనీ మామూలుగా నడిచిందే అనుకుందాం, ఫలితాన్ని 64 బిట్ల వేరియబుల్‌లో పెడితే పై 32 బిట్లూ ఒకట్లతో నిండిపోతాయి. ఫైల్ సైజు 2 జీబీ దాటేదాకా బయటపడని బగ్ ఇది.

అసెంబ్లీ చూస్తే దొరికిపోతుంది. బీస్వాప్ తర్వాత సైన్ ఎక్స్‌టెండ్ చేసే ఇన్‌స్ట్రక్షన్ ఒకటి అదనంగా కూర్చుని ఉంటుంది. అది కనిపించిందంటే ఎక్కడో కాస్ట్ మర్చిపోయారన్నమాటే.

సైకిల్‌లెక్క

ఇంత చర్చ జరుగుతోంది గానీ లాభమెంతో ఎవరూ అడగలేదు. ఇంటెల్ స్కైలేక్‌లో 32 బిట్ల బీస్వాప్‌కి పట్టేది ఒక సైకిల్, 64 బిట్లదానికి రెండు. మెమరీ కోసం ఎదురుచూసే సమయం ముందు ఇది లెక్కలోకి రాదు. అసలు లాభం నాలుగు లోడ్లు ఒకటవడంలో, కోడ్ సైజు తగ్గడంలో ఉంది. ఫంక్షన్ చిన్నదైతే ఇన్‌లైన్ అవుతుంది (పిలిచిన చోటే దాని కోడ్ చేరుతుంది), ఆ తర్వాత వచ్చే లాభం దానికదే.

మూవ్‌బీఈ అని లోడ్ చేస్తూనే తిప్పే ఇన్‌స్ట్రక్షన్ కూడా ఉంది. మొదట ఇంటెల్ చిన్న ప్రాసెసర్ ఆటమ్‌లో వచ్చింది, తర్వాత పెద్ద ప్రాసెసర్ హాస్వెల్‌లో చేరింది. దాన్ని చూసి జనం ఎగిరి గంతేస్తారు గానీ హాస్వెల్ లోపల అది లోడూ తిప్పుడూ అని మళ్ళీ ముక్కలుగానే నడుస్తుంది. పెద్ద కోర్‌లో వేగం పెరుగుతుందని ఆశించకండి, కొన్ని బైట్ల కోడ్ తగ్గుతుంది, అంతే. ఎక్స్86-64-వీ3 లెవెల్ (ఏ ఇన్‌స్ట్రక్షన్లు వాడొచ్చో చెప్పే ఫ్లాగ్) ఎంచుకుంటే కంపైలర్ దాన్ని తనంతట తనే వాడుతుంది.

మొత్తం ఆరేని తిప్పాలంటే కథ వేరు. పీషఫ్‌బీ అనే ఎస్‌ఎస్‌ఎస్‌ఈ3 ఇన్‌స్ట్రక్షన్ 16 బైట్లని మీరు చెప్పిన వరుసలో ఒక్క దెబ్బకి పేరుస్తుంది, అంటే నాలుగు సంఖ్యలు ఒకేసారి. ఏవీఎక్స్2లో ఎనిమిది. లూప్‌లో బిల్టిన్ బీస్వాప్ పెట్టి ఓ3 ఇస్తే జీసీసీ, క్లాంగ్ రెండూ దీన్ని తీసుకొస్తాయి. కానీ ఏ ఫ్లాగూ ఇవ్వని ఎక్స్86-64లో ఎస్‌ఎస్‌ఈ2 వరకే ఉంటుంది, పీషఫ్‌బీ ఉండదు. కనీసం వీ2 లెవెల్ ఇవ్వండి. సోర్సు, గమ్యం బఫర్లు వేరువేరని రెస్ట్రిక్ట్ పెట్టి చెప్తే, అవి ఒకదాని మీద ఒకటి పడుతున్నాయేమో అని నడిచేటప్పుడు చూసుకునే కోడ్ కూడా పోతుంది.

ఫర్మ్‌వేర్

మిగతా ప్రాసెసర్ల సంగతి కూడా చెప్పేస్తాను. ఆర్మ్‌లో రెవ్ ఇన్‌స్ట్రక్షన్ ఆర్మ్‌వీ6తో వచ్చింది. పవర్‌పీసీలో తిప్పి లోడ్ చేసేవి మొదటినుంచీ ఉన్నాయి, రిజిస్టర్‌లోనే తిప్పేవి మాత్రం పవర్10 దాకా రాలేదు. రిస్క్-వీలో జడ్‌బీబీ ఎక్స్‌టెన్షన్ ఉంటేనే రెవ్8 ఉంటుంది, లేకపోతే షిఫ్టులూ మాస్కులే. 64 బిట్ల రిస్క్-వీలో రెవ్8 ఎప్పుడూ ఎనిమిది బైట్లనీ తిప్పుతుంది కాబట్టి 32 బిట్ల సంఖ్యకి తర్వాత 32 కుడికి జరపాలి.

రిజిస్టర్‌రాణి

సైకిల్‌లెక్క గారు తిప్పడం ఎంత వేగమో చెప్పారు. అసలు తిప్పకుండా తప్పించుకోవడం ఇంకా బాగుంటుంది. తిప్పుడు ఒక బిల్టిన్‌గా కంపైలర్ కంటికి కనిపిస్తే దాని మీద బీజగణితం నడుపుతుంది. రెండుసార్లు తిప్పితే రెండూ కొట్టేస్తుంది. ప్యాకెట్‌లో 16 బిట్ల ప్రోటోకాల్ ఫీల్డుని తిప్పి 2048తో పోల్చారనుకోండి, అంటే లోపల ఐపీవీ4 ఉందని చెప్పే ఈథర్‌టైప్. ఫీల్డుని వదిలేసి కంపైల్ చేసేటప్పుడే 2048ని తిప్పి 8గా చేసుకుంటుంది. నడిచేటప్పుడు తిప్పుడే ఉండదు. రెండు పోర్టుల్ని తిప్పి సమానమా అని అడిగితే తిప్పకుండానే పోలుస్తుంది. ఏఎన్‌డీ, ఓఆర్, ఎక్స్‌ఓఆర్ లాంటివి ఏ బైటుకాబైటు చేసుకునేవి కాబట్టి ముందు అవి చేసి చివర ఒక్కసారి తిప్పినా చాలు. 32 బిట్లని తిప్పి 24 కుడికి జరిపితే మిగిలేది మూలంలోని కింది బైటే.

కూడికకి మాత్రం ఇది కుదరదు. క్యారీ ఒక బైటు నుంచి ఇంకో బైటుకి పాకుతుంది కదా. చిన్నదా పెద్దదా అన్న పోలికకీ కుదరదు, సమానమా కాదా అన్నదానికే.

ఇదంతా ఇన్‌లైన్ అసెంబ్లీ పెడితే పోతుంది. లినక్స్ సి లైబ్రరీ గ్లిబ్‌సీ పాత హెడర్లలో ఎక్స్86కి అలాగే ఉండేది. అసెంబ్లీ బ్లాకు లోపల ఏముందో ఆప్టిమైజర్‌కి తెలియదు, తిప్పి తిప్పినా కొట్టేయలేదు. చేత్తో రాసిన బీస్వాప్ చూడ్డానికి దిట్టంగా ఉంటుంది గానీ మొత్తంమీద కోడ్‌ని పాడుచేస్తుంది.

పాతకాపు

చూశారా, బిల్టిన్‌గా కనిపిస్తేనే ఇదంతా అంటున్నారు. నేను మొదట చెప్పింది అదే!

రిజిస్టర్‌రాణి

షిఫ్టుల కోడ్ కూడా చివరికి అదే బిల్టిన్‌గా మారుతుంది పాతకాపు గారూ. బిల్టిన్ వాడితే ఈ మెషీన్ ఏ ఎండియన్ అన్న ప్రశ్న మీ నెత్తిన పడుతుంది. షిఫ్టులతో రాస్తే ఫైల్లో వరుస ఏమిటన్నది మాత్రమే రాస్తారు.

పాతకాపు

ఒప్పుకుంటాను, కానీ సగమే. జీసీసీలో ఆ పాస్ ఓ2 నుంచే నడుస్తుంది. ఓ1లో, ఓ0లో మీ షిఫ్టులు షిఫ్టులుగానే ఉంటాయి. బిల్టిన్ అయితే ఓ0లో కూడా బీస్వాపే వస్తుంది. డీబగ్ బిల్డ్‌తో గంటలకొద్దీ టెస్టులు నడిపేవాళ్ళకి ఇది చిన్న విషయం కాదు. ఇంకో సంగతి, ఈరోజు కలిసిన లోడ్లు రేపటి వెర్షన్‌లో ఏదో వెక్టరైజర్ (చాలా విలువల మీద ఒకేసారి పని చేయించే పాస్) ముందు దూరి విడదీయదని ఎవరు హామీ ఇస్తారు? మాక్రో ఒకటి రాసి లోపల మెమ్‌కాపీ, బిల్టిన్ పెట్టుకోండి, ఇఫ్‌డెఫ్ ఆ ఒక్కచోటే ఉంటుంది.

జీసీసీ 6 నుంచి స్ట్రక్ట్‌కి స్కేలర్ స్టోరేజ్ ఆర్డర్ అని ఒక యాట్రిబ్యూట్ కూడా ఉంది. స్ట్రక్ట్ బిగ్ ఎండియన్ అని చెప్తే ఫీల్డు తాకినప్పుడల్లా కంపైలరే తిప్పుతుంది. చూడముచ్చటగా ఉంటుంది గానీ ఆ ఫీల్డు అడ్రస్ తీసుకోనివ్వదు, క్లాంగ్‌లో లేదు, సి++లో లేదు. నేను వాడను.

సైకిల్‌లెక్క

హామీ కావాలంటే కొలుచుకోవాలి. జీసీసీకి బీస్వాప్ పాస్ డంప్ అడిగే ఫ్లాగ్ ఉంది, ఫలానా చోట 32 బిట్ల బీస్వాప్ దొరికింది అని అందులో రాసిస్తుంది. ముఖ్యమైన రెండు మూడు ఫంక్షన్ల అసెంబ్లీలో ఆ ఇన్‌స్ట్రక్షన్ ఉందా అని సీఐలో (కోడ్ మారినప్పుడల్లా తనంతట నడిచే టెస్టుల్లో) వెతికితే సరిపోతుంది.

తుప్పుపట్టినోడు

రస్ట్‌లో ఈ గొడవ లైబ్రరీలోనే తీరిపోయింది. ఫ్రమ్ బీఈ బైట్స్ అనే ఫంక్షన్ 1.32 నుంచి ఉంది, 4 బైట్ల ఆరేని తీసుకుంటుంది. స్లైస్‌ని ఆరేగా మార్చేటప్పుడు పొడవు చెకింగ్ ఒక్కసారే జరుగుతుంది. గో లైబ్రరీలో ఇంకా తమాషా. బిగ్ ఎండియన్ యూఇంట్32 ఫంక్షన్ మొదటి లైన్‌లో ఊరికే బీ[3]ని తాకి వదిలేస్తారు. అక్కడ హద్దు దాటలేదని తేలితే మిగతా మూడింటికి చెకింగ్ పోతుంది. పైన రాణి గారు ప్యాకెట్‌పిచ్చి గారికి చెప్పిందే అది.

ప్యాకెట్‌పిచ్చి

చదవడం అయిపోయింది, ఇప్పుడు రాయడం దగ్గర ఆగాను. హెడర్ స్ట్రక్ట్‌లో ఉన్న పొడవుని బఫర్‌లోకి బైటు బైటుగా ఇలా రాస్తున్నాను: అవుట్[0] = హెచ్->పొడవు >> 24, అవుట్[1] = హెచ్->పొడవు >> 16, అలా నాలుగు. రెండు కంపైలర్లూ నాలుగు స్టోర్లు అలాగే ఉంచాయి. పైగా పొడవుని ప్రతిసారీ మెమరీలోంచి మళ్ళీ చదువుతున్నాయి.

రిజిస్టర్‌రాణి

అవుట్ క్యారెక్టర్ పాయింటర్. సి లో అది దేన్నైనా చూపించొచ్చు, మీ హెచ్‌ని కూడా. అవుట్[0]లోకి రాయగానే పొడవు మారిపోయిందేమో అని కంపైలర్ మళ్ళీ చదవాల్సిందే. పొడవుని ముందు ఒక లోకల్ వేరియబుల్‌లోకి తీసుకుని దాన్నుంచి రాయండి. స్టోర్లని కలిపి తిప్పడం జీసీసీ 8 నుంచి ఉంది, క్లాంగ్ కూడా చేస్తుంది.

ప్యాకెట్‌పిచ్చి

లోకల్ పెట్టగానే బీస్వాప్, ఒక స్టోర్. రివ్యూ చేసినాయనకి అసెంబ్లీ పంపాను, ఒప్పుకున్నారు. ఇక 24 బిట్ల ఫీల్డ్ ఒకటి ఉంది, మూడు బైట్లది. దానికి?

ఫర్మ్‌వేర్

అది ఒక్క లోడ్‌గా మారదు. నాలుగో బైటు చదవడానికి కంపైలర్‌కి అనుమతి లేదు, కారణం పేజీ చివర కథే. ఆ ఫీల్డు తర్వాత ఇంకో బైటు తప్పకుండా ఉంటుందని మీ ఫార్మాట్ చెప్తుంటే, మీరే నాలుగు బైట్ల సంఖ్య చదివి 8 కుడికి జరపండి. ఫీల్డు ఫైల్ చివర్లో వస్తే మాత్రం మూడు లోడ్లు ఉండనివ్వండి.